ఊరి కావలి

మా చిన్ననాట రాత్రిపూట మారాం చేసే పిల్లలను ఊరుకోబెట్టడానికి పెద్దలు రెండు పేర్లు చెప్పేవారు. ఒకటి బూచివాడు, రెండవది పోలీసు. బూచివాణ్ణి చూసినవారు ఎవరూ లేరు. కనుక కొంచెం జ్ఞానం వచ్చేసరికి ఆ భయం దానంతట అదే తొలగిపోయింది. పోలీసు సంగతి అలా కాదు. ఏడాదికి రెండు మూడుసార్లయినా జీపు ఊళ్ళోకి వచ్చేది. పొలిమేర దగ్గర దుమ్ము లేవగానే అరుగుల మీద కూర్చున్నవారు లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఏ తప్పూ చేయనివారు కూడా తప్పు చేసినవారిలాగానే ఒదిగి నిలబడేవారు.

అదే ఊళ్ళో తలారి ఉండేవాడు. చేతిలో కర్ర, భుజం మీద కంబళి. అతడు చేసేదీ కాపలా పనే. కొత్తవాడు ఊళ్ళోకి అడుగుపెడితే మొదట తెలిసేది అతనికే. ఏ ఇంట్లో ఎవరికి జ్వరంగా ఉందో, ఏ అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ముదురుతున్నదో, ఎవరి గొడ్డు ఎవరి చేలో పడిందో అతనికి తెలియనిది లేదు. అతణ్ణి చూసి మేము ఎన్నడూ భయపడలేదు. చీకట్లో అతని దగ్గు వినిపిస్తే ధైర్యంగా ఉండేది. పండుగనాడు గుమ్మం ముందు నిలబడి సంగటి ముద్ద పెట్టించుకొని పోయేవాడు. అయితే అతణ్ణి అరుగు మీద కూర్చోమన్న ఇల్లు మా ఊళ్ళో ఒక్కటీ లేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇద్దరూ రక్షకులే. ఒకరి అడుగుల చప్పుడు వింటే నిద్ర పట్టేది. మరొకరి బండి చప్పుడు వింటే నిద్ర చెడేది. ఈ తేడా ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం నాకు పుస్తకాలలో కొంత దొరికింది. మిగిలినది నా జీవితంలో జరిగిన రెండు సంఘటనలు నేర్పాయి.

మాది కడప జిల్లా ముద్దనూరు ప్రాంతం. ముద్దనూరు నాలుగు దారుల కూడలి. కడప నుంచి తాడిపత్రికి పోయే దారి, జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే దారి అక్కడ కలుస్తాయి. చెన్నై నుంచి ముంబయి పోయే రైలుమార్గం ఊరిని ఆనుకొని సాగిపోతుంది. సమీపాన ఉన్న కలమల్ల దగ్గర రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం 1990లలో పని మొదలుపెట్టింది. దానితో ఎక్కడెక్కడి మనుషులో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఇటు శనగ పండే నల్లరేగడి నేలలు, అటు చీనీ తోటలు, నడుమ నాపరాతి గనులు. ఇన్ని దారులు, ఇన్ని వృత్తులు, ఇందరు కొత్తవారు కలిసే చోట మనిషికి మనిషి మీద నమ్మకం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగు సాహిత్య విద్యార్థులకు కలమల్ల మరొక విధంగా పుణ్యక్షేత్రం. ఇంతవరకు లభించిన తెలుగు శాసనాలలో అత్యంత ప్రాచీనమైనదిగా పండితులు భావించే శాసనం అక్కడిదే. రేనాటి చోళుడైన ధనంజయుడు సుమారు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించినది. పరిశోధక విద్యార్థిగా నేను ఎన్నో ప్రాచీన దానశాసనాలను చదివాను. దానాన్ని చెరిచినవారు మహాపాపాలు చేసినవారితో సమానులని చివర వ్రాయడం వాటిలో పరిపాటి. మొదట్లో దీనిని ఒక ఆచారంగా మాత్రమే చూశాను. తరువాత అందులోని లోకజ్ఞానం తెలిసివచ్చింది. ప్రతి రాతి దగ్గరా రేయింబవళ్ళు భటుణ్ణి నిలబెట్టడం ఏ రాజుకూ సాధ్యం కాదు. జనం మనసులో కావలి ఉంటేనే రాయి నిలుస్తుంది, దానమూ నిలుస్తుంది.

కావలి చరిత్ర మన నేల మీద చాలా పాతది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనాలలో 'మహాతలవర' అనే ఉన్నతాధికారుల ప్రస్తావన ఉన్నది. అవి క్రీ.శ. 3వ శతాబ్దం నాటివి. ఆ తలవర పదమే కాలక్రమంలో ఊరి తలారిగా మారిందని భాషావేత్తల అభిప్రాయం. రాజు సరసన కూర్చున్న పదం గుమ్మం ముందు నిలబడి సంగటి అడిగే స్థితికి వచ్చిందన్నమాట. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసంలో రాజనీతిని విస్తరంగా చెప్పాడు. ప్రజలను రక్షించడంలో ఎన్నడూ అలసత్వం కూడదని, ఆపదలో ఉన్నవారు మొరపెట్టుకొన్నప్పుడు చెవియొగ్గి వినాలని, కార్యభారాన్ని దుర్జనుల చేతిలో పెట్టరాదని అందులోని సారాంశం. ఆపదలో పెట్టే మొరకు మన కావ్యభాషలో 'కుయ్యి' అని పేరు. ఆ మొరను ఆదరంతో వినడం 'కుయ్యాలించడం'. ఈ మాటలు ఇప్పుడు వాడుకలో లేవు. కాని వాటి అవసరం తీరిపోయిందని ఎవరనగలరు?

విజయనగర కాలం తరువాత ఈ సీమలో కావలి బాధ్యత పాలెగాళ్ళ చేతిలోకి పోయింది. ఊళ్ళను కాపాడినందుకు వారు కావలి రుసుము వసూలు చేసేవారు. పోనుపోను కొన్నిచోట్ల ఆ రుసుమే దోపిడీ అయింది. కాపాడవలసినవాడే భయపెట్టసాగాడు. 1800లో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అప్పటినుంచి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ళ అధికారాన్ని అణచివేశాడు. మాన్యాలు అనుభవిస్తూ కాపలా పని చేసిన కట్టుబడి బంట్లు క్రమంగా జీవనాధారం కోల్పోయారు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసినప్పుడు అలాంటివారు ఎందరో ఆయన వెంట నడిచారు. 1859లో మద్రాసు రాజధానిలో ప్రత్యేక చట్టంతో నేటి తరహా పోలీసు వ్యవస్థ ఏర్పడింది. 1861లో దేశమంతటికీ పోలీసు చట్టం వచ్చింది. 1857 తిరుగుబాటు జరిగి అప్పటికి నాలుగేళ్ళే అయింది. ఆ భయం నీడలో రూపొందిన ఏర్పాటు ప్రజల కుయ్యి వినడం కంటె ప్రభుత్వపు ఆజ్ఞ పాటించడానికే ఎక్కువ విలువ ఇచ్చిందంటే ఆశ్చర్యం లేదు. మా ఊరి అరుగుల మీదివారు జీపును చూసి లేచిపోవడానికి మూలం అక్కడ ఉన్నది.

ఇంతవరకు పుస్తకాలు చెప్పిన సమాధానం. ఇక నా కథ.

1988లో నేను ప్రొద్దుటూరులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా ఊరు ముద్దనూరు నుంచి పులివెందుల పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. సెలవు దినాలకు ముందురోజు సాయంత్రం బయలుదేరి, ముద్దనూరులో బస్సు మారి ఇంటికి చేరేవాణ్ణి. మార్గశిర మాసంలో ఒకనాడు చివరి బస్సు ఆలస్యమైంది. రోడ్డు మీద దిగి బండిబాట పట్టేసరికి రాత్రి పది దాటింది. మంచి వెన్నెల. బాట పక్కన ఒక చిన్నరైతు చీనీ తోట ఉండేది. రెండెకరాలు. వేసవిలో బావి అడుగంటితే భార్యాభర్తలు కడవలతో నీళ్ళు మోసుకొచ్చి చెట్టు చెట్టుకూ పోసేవారు. అలా ఆరేళ్ళు సాకితే ఆ ఏడు తోట నిండుగా కాపుకు వచ్చింది.

తోట దగ్గరికి వచ్చేసరికి గొడ్డళ్ళ చప్పుడు వినిపించింది. నలుగురు మనుషులు చెట్లను వరుసగా నరుకుతున్నారు. ఒక చెట్టు ఒరిగినప్పుడు కాయలు నేలమీద రాలిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. కంపచెట్టు మాటున నిలబడి చూశాను. ఇద్దరిని గుర్తుపట్టాను. అప్పట్లో మా ఊళ్ళో రెండు పక్షాలు. ఆ రైతు ఏ పక్షానికీ చెందనివాడు. మా సీమలో ఆ రోజుల్లో అదీ ఒక నేరమే.

మర్నాడు పోలీసులు వచ్చారు. ఊరి నడుమ వేపచెట్టు కింద కుర్చీ వేయించుకొని అధికారి కూర్చున్నారు. ఆ కుర్చీ ఎవరి ఇంటినుంచి వచ్చిందో ఊరందరికీ తెలుసు. చుట్టూ జనం. ఆ జనంలోనే చెట్లు నరికినవారూ ఉన్నారు.

"చూసినోళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రాండి" అన్నారు అధికారి.

ఎవరూ కదలలేదు. నేను కదలబోయానో లేదో నాకే తెలియదు. మా నాయన చేయి వచ్చి నా భుజం మీద పడింది. ఆయన గట్టిగా నొక్కలేదు, ఒక్క మాటా అనలేదు. చేయి అలా ఉంచారు, అంతే. నేను తల వంచుకొన్నాను. ఎదురుగా ఆ రైతు నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం నావైపు చూసి చూపు మరల్చుకొన్నాడు. అధికారి కాగితాలు సర్దుకొని వెళ్ళిపోయారు. సాక్షులు లేని కేసు నిలవలేదు. ఏడాది తిరగకముందే ఆ కుటుంబం ఊరు విడిచి ప్రొద్దుటూరు చేరింది.

పదకొండేళ్ళ తరువాత, నేను డాక్టరేటు పట్టా పొంది అధ్యాపకుడినైన రోజుల్లో, ప్రొద్దుటూరులో ఒక ధాన్యం అంగడి ముందు ఆయన కనిపించాడు. మూటలు మోస్తున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి, తలగుడ్డతో ముఖం తుడుచుకొని, "బాగుండావా నాయనా?" అని పలకరించాడు. నా గొంతు పెగల్లేదు. ఆనాటి సంగతి ఎలా ఎత్తాలో తెలియక తడబడుతుంటే ఆయనే అన్నాడు.

"ఆ రేయి నువ్వు బాటమ్మడి వచ్చినావని నాకు తెలుసు. కంపచెట్టు కాడ దుమ్ములో నీ చెప్పుల గుర్తులుండె. పల్లెలో అట్లాంటి చెప్పులు తొడిగేది నువ్వొక్కనివే గదా. నీ పేరు చెప్తే చదువుకొనే పిల్లోని మీదికి వస్తారని ఊరకుంటి."

నేను కావ్యాలలో ఎందరో ధీరోదాత్తుల గురించి చదివాను, పాఠాలు చెప్పాను. ఆ పూట మూటల అంగడి ముందు నిలబడి ఆలోచిస్తే, ఆరేళ్ళ కష్టం నేలపాలైన మనిషి తన నష్టాన్ని దిగమింగి నన్ను కాపాడాడని అర్థమైంది. ఆయన తోటకు నేను కావలి కాలేకపోయాను. నాకు మాత్రం ఆయనే కావలి అయ్యాడు.

ఆ తరువాత ఆ సంఘటనను ఎన్నోసార్లు మనసులో తిరగవేసుకొన్నాను. తప్పు ఎవరిది? చెట్లు నరికినవారిది మొదటి తప్పు, సందేహం లేదు. మాట్లాడని నాది రెండవది. కాని మూడవ తప్పు కూడా ఒకటి ఉన్నది. అది అడిగిన తీరులో ఉంది. నేరస్థుల ఎదుట, వారి పక్షంవారి కుర్చీలో కూర్చుని, "చూసినవారు ముందుకు రండి" అంటే ఎవరు వస్తారు? మా ఊరి సంగతి తెలిసిన మనిషి ఒకరు ఆ రోజు ఉండి ఉంటే అలా అడిగేవారు కాదు. ఏదో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, మా నాయనతో పంటల గురించి నాలుగు మాటలు మాట్లాడి, నన్ను పక్కకు పిలిచి అడిగేవారు. అప్పుడు నేను చెప్పి ఉండేవాణ్ణేమో. చెప్పేవాణ్ణని ప్రమాణం చేయలేను. చెప్పే అవకాశమైతే ఉండేది.

ప్రజలతో కలిసి పనిచేసే పోలీసు వ్యవస్థ గురించి ఈనాడు దేశదేశాలలో చర్చిస్తున్నారు. దాని కీలకం ఇదే. అడిగేవారికి ఊరు తెలియాలి, చెప్పేవారికి అడిగేవారు తెలియాలి. లండను నగరంలో 1829లో రాబర్ట్ పీల్ ఆధునిక పోలీసు దళాన్ని నెలకొల్పాడు. పోలీసుల బలం ప్రజల సమ్మతిలోనే ఉన్నదన్న భావన ఆయన పేరుతో ముడిపడి ప్రచారంలోకి వచ్చింది. జపాను దేశంలో వీధి మలుపుల్లో 'కోబాన్' అనే చిన్న పోలీసు గదులుంటాయి. దారి తప్పినవారికి దారి చెప్పడం, పోయిన వస్తువులను భద్రపరచి ఇవ్వడం, తమ పరిధిలోని ఇళ్ళకు వెళ్ళి యోగక్షేమాలు విచారించడం అక్కడివారి నిత్యకృత్యాలు. దొంగను పట్టేనాటికి వారికి ఆ వీధి అప్పటికే బంధువు.

మన దేశంలోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. తమిళనాడులోని రామనాథపురంలో 1993లో 'పోలీసు మిత్రులు' అనే పథకం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల తొలి సంవత్సరాలలో 'మైత్రి' పేరిట ఠాణాల స్థాయిలో పౌరులతో సంఘాలను ఏర్పరచారు. కేరళలో 2008లో 'జనమైత్రి' పథకం వచ్చింది. ఒక్కొక్క ప్రాంతానికి ఒక పోలీసును కేటాయించి, అతడు ఇంటింటికీ వెళ్ళి ప్రజలతో పరిచయం పెంచుకొనే ఏర్పాటు అందులో ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమైనప్పుడు మహిళల రక్షణకోసం ప్రత్యేకంగా ఒక కార్యదర్శిని నియమించి, తరువాత వారిని మహిళా పోలీసులుగా వ్యవహరించారు. ఠాణా గడప తొక్కడానికి వెనుకాడే స్త్రీ, తన వీధికి వచ్చే మరొక స్త్రీతో నోరు విప్పగలదన్నది ఆ ఏర్పాటులోని ఆలోచన.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను నిజం పూర్తిగా చెప్పినవాణ్ణి కాను. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో పోలీసుల నిర్బంధంలో హింసకు గురై తండ్రీకొడుకులిద్దరు మరణించారు. అందులో 'పోలీసు మిత్రుల'కు కూడా పాత్ర ఉన్నదన్న ఆరోపణలు రావడంతో మరుసటి నెలలోనే ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆ పథకాన్ని నిషేధించింది. చుట్టరికం వేరు, చట్టం వేరు. సంఘాలలో ఊరి పెత్తందారులే చేరి కూర్చుంటే మళ్ళీ ఆ వేపచెట్టు కింది కుర్చీయే మిగులుతుంది. అధికారం లేనివాడికి కూడా ఆ కుర్చీ దగ్గరకు రావడానికి ధైర్యం కలిగినప్పుడే మైత్రి అన్న పేరు సార్థకం. పాలెగాళ్ళ కావలి ఎందుకు చెడిందో ఒకసారి గుర్తు చేసుకొంటే ఈ సంగతి బోధపడుతుంది.

ఇక రెండవ సంఘటన. 2022 మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. జూనియర్ కళాశాలలో ద్వితీయ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని తరగతి ముగిశాక నా దగ్గరకు వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగింది.

"సార్, ఒక సంగతి తెలిస్తే చెప్పొచ్చునా? చెప్తే తప్పవుతుందా?"

ఆమె స్నేహితురాలికి పదిహేడేళ్ళు. వారం రోజుల్లో పెళ్ళి. ఆ పిల్లకు ఇష్టం లేదు. చదువుకొంటానని ఏడుస్తున్నది. ఇంట్లో వినేవారు లేరు. వారం దినాలుగా ఆమె చోటు తరగతిలో ఖాళీగా ఉన్నది. జ్వరమేమోనని నేను అనుకొన్నానే తప్ప విచారించలేదు.

ఆ ప్రశ్న విన్న క్షణంలో నా భుజం మీద మళ్ళీ ఆ చేయి బరువు తెలిసింది. 'మనకెందుకమ్మా, అది వారి ఇంటి వ్యవహారం' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. యాభై ఏళ్ళు దాటినవాణ్ణి, ధర్మం గురించి పేజీలకు పేజీలు వ్రాసినవాణ్ణి. అయినా మొదట వచ్చిన మాట అదే. దాచుకోవడం ఎందుకు? అయితే, నా ముందు నిలబడిన ఆ పిల్ల వయసు కూడా, ఆనాటి నా వయసే. నేను మూసుకొన్న నోటిని ఆమె తెరిచింది. దానిని మళ్ళీ మూయించే అధికారం నాకు లేదు.

ఇద్దరం కూర్చుని 1098 సంఖ్యకు ఫోను చేశాము. బాలబాలికల రక్షణకోసం ఏర్పాటైన ఉచిత సహాయవాణి అది. ఆడపిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండకముందు పెళ్ళి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరమన్న సంగతి మీకు తెలిసినదే. ఫోను చేసినవారి పేరు బయటపెట్టబోమని అవతలివారు హామీ ఇచ్చారు. మరునాడు ఆ ఊరి సచివాలయంలోని మహిళా పోలీసు ఆ ఇంటికి వెళ్ళింది. జీపు లేదు, లాఠీ లేదు. ఆ ఇంటికి ఆమె కొత్త కాదు. కరోనా రోజుల్లో ఆ ఇంటివారి బాగోగులు విచారించినది ఆమే. అవ్వ పింఛను ఆగిపోతే సచివాలయంలో అడిగి చక్కబరిచినదీ ఆమే. వాకిట్లో మంచం మీద కూర్చుని అవ్వతో మొదలుపెట్టి, తల్లితో మాట్లాడి, చివరకు తండ్రికి చట్టం చెప్పింది. స్త్రీ శిశు సంక్షేమ శాఖవారు కూడా వచ్చి నచ్చజెప్పారు. పెళ్ళి ఆగింది. వీధిలో గొడవ జరగలేదు, ఆ పిల్ల పేరు రచ్చకెక్కలేదు.

అన్నీ సుఖాంతమయ్యాయని చెప్పను. ఇచ్చిన సొమ్ము వెనక్కి రాక ఆ తండ్రి ఇబ్బంది పడ్డాడు. నేనే చెప్పించానని ఎలాగో గ్రహించి బజారులో ఎదురైతే ముఖం తిప్పుకొనేవాడు. ఆ బెంచీ మీది చోటు మరి రెండు వారాలు ఖాళీగానే ఉంది. మూడవ వారం ఒక సోమవారం ఉదయం హాజరు పిలుస్తుంటే ఆ సంఖ్య దగ్గర "ఉన్నాను సార్" అన్న గొంతు వినిపించింది. తల ఎత్తి చూడడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ఆ మే నెలలో ఆమె పరీక్షలు వ్రాసింది.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. 1988లోనూ చట్టం ఉన్నది, ఠాణా ఉన్నది, అధికారి వచ్చారు. లేనిది పరిచయం. 2022లో ఒక మనిషి ఆ ఇంటిని ముందుగానే ఎరిగి ఉన్నది. అందువల్ల చట్టం ఆ ఇంటి గడప దాటి లోపలికి పోగలిగింది. అయితే ఆమె వెళ్ళడానికి ముందు మరొకటి జరిగింది. పదిహేడేళ్ళ పిల్ల తలుపు దగ్గర నిలబడి "చెప్పొచ్చునా?" అని అడిగింది. అది లేకపోతే మిగిలినదేదీ లేదు. కుయ్యాలించే చెవి రాజుకు ఉండాలని మన కవులు చెప్పారు. ఆ చెవిదాకా కుయ్యిని చేర్చే గొంతు ఊరికి ఉండాలని నేను ఇప్పుడు చేర్చుకొంటున్నాను.

ఈనాడు సాయం కోరే దారులు మునుపటికంటె ఎక్కువ. ఏ ఆపదలోనైనా 112, ప్రమాదం జరిగితే అంబులెన్సుకు 108, స్త్రీలకు 181, పిల్లలకు 1098, పట్టించుకొనేవారు లేని వృద్ధులకు 14567, ఫోనులో మాయమాటలు చెప్పి బ్యాంకు సొమ్ము కాజేస్తే 1930. ఈ అంకెలను పుస్తకంలో వ్రాసుకోవడం సులభం. చదువురాని అవ్వకు వీటిని నేర్పడం, ఆమె చేయి వణికినప్పుడు ఆమె తరఫున ఫోను చేయడం, పక్కింట్లో ఏడుపు వినిపిస్తే ధ్వని పెంచి టీవీ చూడకుండా లేచి వెళ్ళడం అంత సులభం కాదు. కాని ఊరు ఊరుగా నిలిచేది ఆ పనుల వల్లనే.

మీ ఊరి ఠాణాలో పనిచేసేవారి పేరు మీకు తెలుసునా? తెలియకపోతే తెలిసికోండి. వారూ ఎవరి ఇంటి బిడ్డలో. పండుగనాడు ఇంటికి దూరంగా కూడలిలో నిలబడేవారు. ఎదురైనప్పుడు పలకరించండి. మా ఊరి తలారిని అరుగు మీద కూర్చోబెట్టకుండా మేము చేసిన తప్పును మీరు చేయకండి. వారు దారి తప్పితే ప్రశ్నించే హక్కూ మీకున్నది. దానిని వదులుకోకండి. గౌరవమూ ప్రశ్నా రెండూ కలిసి ఉన్నచోటనే నమ్మకం నిలుస్తుంది.

ముద్దనూరు నుంచి మా ఊరికి పోతున్నప్పుడు ఇప్పటికీ ఆ బండిబాట పక్కన ఒక్క నిమిషం ఆగుతాను. ఆ తోట ఉన్నచోట ఇప్పుడు ఎవరో శనగ వేస్తున్నారు. నరికిన చెట్లు మళ్ళీ చిగురించలేదు. ఒక పిల్ల పెళ్ళి ఆగినంత మాత్రాన నా మౌనానికి ప్రాయశ్చిత్తం జరిగిపోయిందని నేను అనుకోను. అయితే, ఆ బాటన నిలబడినప్పుడు ఇదివరకు ఒక్క గొడ్డలి చప్పుడే వినిపించేది. ఇప్పుడు దానితోపాటు ఒక ఆడపిల్ల గొంతు కూడా వినిపిస్తున్నది. "చెప్పొచ్చునా సార్?" అని.

చెప్పవచ్చు. చెప్పాలి. ఊరికి తొలి కావలి ఆ మాటే.